మా ఫ్రిజ్‌కి స్వస్థత ప్రార్థన

వచ్చే ఆదివారం నేను చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాలట. దేనికో తెలుసా? మా ఫ్రిజ్‌కి! నవ్వకండి, ముందు వినండి.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారికి, అమ్మగారికి మా ఇంట్లో భోజనం. మొదటిసారి వస్తున్నారు. అందుకని శనివారం పొద్దున్నే కళింగపట్నం వెళ్లి మంచి కోనాం చేప తెచ్చాను. మా ఆవిడ మేరీ ముక్కలు కడిగి ఫ్రీజర్‌లో పెట్టి, "ఏటండీ, నాను డ్యూటీ నుంచొచ్చీదాకా దాన్ని ముట్టకండి" అని హాస్పిటల్‌కి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఊరికే తెరిచి చూశానా, ముక్కలు మెత్తగానే ఉన్నాయి! సరే, టెస్ట్ చేద్దామని వంటింటి గట్టు మీద సీసాలో నీళ్లుంటే ఐస్ ట్రేలో పోసి లోపల పెట్టాను. రెండు గంటలాగి చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. వెంటనే మా బావమరిదికి ఫోన్.

"బావా, గోడకి ఆనించీసి ఉన్నాదేటి? ముందుకి లాగు."

లాగాను. నడుం పట్టేసింది.

"ఎనకాల దుమ్ము తుడు."

తుడిచాను. తుమ్ములు.

"తలుపు రబ్బరు సూడు. కాయితం ఎట్టి మూసి లాగు. జారిపోతే రబ్బరు పోయినట్టే."

కాగితం చిరిగింది కానీ జారలేదు. అంటే రబ్బరు బాగుంది. మరి రోగం ఎక్కడ? కూలింగ్ బటన్ ఫుల్‌లో పెట్టి సాయంత్రం మళ్లీ తెరిచాను. చేప కవరు అంచు కాస్త గట్టిగా తగిలింది. ట్రేలో నీళ్లు మాత్రం తళతళమంటూ ఊగుతున్నాయి! ఒకే ఫ్రీజర్‌లో చేప గట్టిపడడమేంటి, నీళ్లు గడ్డకట్టకపోవడమేంటి? నాకు బుర్ర తిరిగిపోయింది.

"అయితే గ్యాస్ సగమే ఉన్నాది బావా," అని తేల్చేశాడు మావాడు. "సేప పాడైపోద్ది. ఏటో ఒకటి సెయ్యి."

చేశాను. కవరు పట్టుకుని వీధి చివర అయ్యగారింటికి పరిగెత్తాను. మీ ఫ్రిజ్‌లో పెట్టుకోండి అందామనుకున్నాను. తీరా చూస్తే వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు! అమ్మగారు కవరు కేసి సంబరంగా చూస్తుంటే వెనక్కి తీసుకెళ్లడానికి మొహం చెల్లలేదు. "మా ఫ్రిజ్‌కి బాగోలేదండీ. మీకే తెచ్చాను," అనేసి వచ్చేశాను.

మేరీ వచ్చింది. నడి గదిలోకి వచ్చిన ఫ్రిజ్‌ని చూసింది, నన్ను చూసింది. నేను ట్రే తెచ్చి సాక్ష్యం చూపించాను.

"ఏ నీళ్లు పోసేరు?"

"గట్టు మీద సీసాలోవి."

"నాలిక మీద ఎయ్యండి."

వేసుకున్నాను. బీచ్‌లో అల వచ్చి నోట్లోకి కొట్టినట్టు ఉంది! మేరీ పుట్టిల్లు ఉప్పు పండించే నౌపడ. అక్కడి కళ్లుప్పులో మట్టి ఉంటుందని నీళ్లలో చిక్కగా కరగబెట్టి, తేరినవి సీసాలో పోసి ఉంచుతుందట. కూరల్లో అవే వేస్తుందట. ఇన్నేళ్లు తిన్నాను, ఏనాడైనా వంటింట్లోకి తొంగి చూస్తే కదా!

"అంత ఉప్పుంటే ఐసెలా అవుద్ది? సేప గట్టిపడ్డానికి ఓ పూట పడతాది! అదేదీ?"

చెప్పాను. ఇక ఆ రాత్రి సంగతి అడక్కండి.

ఆదివారం గుడ్ల పులుసు. నేను తలెత్తలేదు. అయ్యగారు మాత్రం హుషారుగా ఉన్నారు. "నిన్న సేప అదిరిపోనాది బాబూ! రాత్రే వండుకుని తినీసాం." తర్వాత భోజనానికి ప్రార్థన చేస్తూ, "ప్రభువా, తమకున్నది మాకిచ్చేసిన ఈ కుటుంబాన్ని దీవించు, రోగంతో ఉన్న ఈ ఫ్రిజ్‌ని స్వస్థపరచు" అన్నారు. అందరం ఆమెన్ అన్నామో లేదో, ఫ్రిజ్ గుర్రుమని మోత మొదలెట్టింది!

"సూసేవా బాబూ! బాగైపోనాది! వచ్చే ఆదివారం నువ్వు సాక్ష్యం సెప్పాల!"

దానికసలు రోగమే లేదని ఏ మొహంతో చెప్పను? చెప్తే చేప ఎందుకిచ్చానో చెప్పాలి. చెప్పకపోతే చర్చిలో అబద్ధం! ఎటూ తోచక రాత్రి మేరీనే అడిగాను, ఏం చెయ్యమంటావని.

"సాక్ష్యం తరవాత సెప్పొచ్చు," అంది, సీసా మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో ఉప్పు అని రాస్తూ. "ముందు అయ్యగార్ని పిలిసి, మీ బుర్రకి స్వస్థత ప్రార్థన సేయించుకోండి."