సుల్తాను సంతకం, కుండలో నీళ్ళు

పాతకాలపు యుద్ధాల నాటి రాజపత్రాలు సేకరించడం నాకో పిచ్చి. గండికోటలో మస్తానయ్య అనే పెద్దాయన దగ్గర గోల్కొండ సుల్తాను సంతకమున్న కాగితం ఉందని తెలిసి, బస్సులో దారి పొడవునా బేరం మాటలు వల్లించుకుంటూ వెళ్ళాను.

కోట వాకిట్లో ఆయనే ఎదురై, అక్కడున్న కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చాడు. "తాగప్పా, ఎండలో వచ్చినావు."

ఇంటికి తీసుకెళ్ళి వెదురు గొట్టంలోంచి కాగితం తీశాడు. పైన సుల్తాను ముద్ర, సంతకం. కింద గొలుసుకట్టు తెలుగు రాత.

"మా తాతక్కూడా చదవను రాల్యా. ఏముండాదో సూడప్పా."

కూడబలుక్కుని చదివాను. యుద్ధంలో కోట వాకిలి కాచిన వాళ్ళ పూర్వీకుడికి సుల్తాను పొలమిచ్చాడు. అందుకు బదులుగా ఆ వంశంవాళ్ళు అదే వాకిట్లో, కొండెక్కి వచ్చే సిపాయిలకు రోజూ నీళ్ళివ్వాలి.

"ఆ పొలం ఇప్పుడెక్కడుంది?" అన్నాను.

"మా తాత కాలానికే ల్యాకపాయ. నీళ్ళు మాత్రం దినామూ పెడతాండా. మా నాయన పెట్టమన్యాడు, పెడతాండా."

కాగితం వైపు చూసి, భయంభయంగా అడిగాడు. "అయితే మేము మాట తప్పలేదు గదప్పా?"

"తప్పలేదు" అన్నాను.

కాగితాన్ని చుట్టి గొట్టంలో నేనే పెట్టాను. వల్లించుకున్న బేరం మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.