కాకా రోజుకో వాక్యం

ముంబైలో ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేసిన పెడ్ణేకర్ కాకాకి ఆసుపత్రి మంచం మీద కూడా వేళ్లు ఊరుకోవు, లేని టికెట్లకు చిల్లులు పొడుస్తూనే ఉంటాయి. ఆయన రక్త క్యాన్సర్ ముందు మందులన్నీ చేతులెత్తేశాయి. చివరికి డాక్టర్లు ఆయన తెల్ల రక్తకణాలనే బయటికి తీసి, శత్రువును గుర్తుపట్టడం నేర్పి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించారు. ఆ రోజు కాకా మంచం పక్కనున్న పిలుపు గంటను రెండుసార్లు నొక్కి, "డబుల్ బెల్! ఇక బండి కదలాల్సిందే" అన్నాడు. ఆ కణాలు మరీ విజృంభిస్తే మెదడు తడబడుతుంది. అది ముందుగా చేతిరాతలో బయటపడుతుందని నర్సు శుభాంగి రోజూ పొద్దున్నే ఒక వాక్యం రాయిస్తుంది. కాకా రాసేవన్నీ ఫిర్యాదులే. ఉప్మాలో ఉప్పు లేదు. టీ కాదు, కుడితి.

"ఒక్కరోజైనా మంచి మాట రాయొచ్చుగా కాకా?"

"మా బస్సులో కంప్లైంటు పుస్తకమే ఉండేది తల్లీ, పొగడ్తల పుస్తకం ఎవరూ పెట్టలేదు."

ఐదో రోజు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "ఇవాళ టీ అమృతం." చదువుతూనే శుభాంగి డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"రాత బాగానే ఉందిగా?" అన్నాడాయన.

"రాత బాగుంది సార్, మనిషే బాగాలేడు!"

మధ్యాహ్నానికి కాకా తానున్న ఊరి పేరు మరిచిపోయాడు. అప్పటికే డాక్టరు విరుగుడు మందు మొదలుపెట్టాడు. మూడు రోజులు కాగితం మీద పిచ్చిగీతలే. నాలుగో పొద్దున వంకరటింకరగా రాశాడు: "టీ కాదు, కుడితి."

శుభాంగి పిలుపు గంటను రెండుసార్లు నొక్కింది.