ఊసరవెల్లికి కట్టిన ధారాపాత్ర

మహానంది కోనేట్లో స్నానం చేసి బయటికి వచ్చాక, పదిమంది యాత్రికుల ముందు మా అన్న నన్ను చూసి నవ్వాడు. తనకు ఆ సంగతే జ్ఞాపకం లేదంటాడు. లేకపోవచ్చు, నవ్వింది ఆయన కదా.

గుడి బయట కట్టెల మోపు దించుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అతని చేతిలోని పుల్ల మీద ఊసరవెల్లి ఒకటి తోక చుట్టుకుని కదలకుండా ఉంది. దాని ఒక కన్ను నన్ను చూస్తూంటే, రెండోది మా అన్న వైపు తిరిగింది. నేను ఊరికే ఆగాను. కొనాలని నాకు లేదు.

"ఏంరా, దుడ్లు పెట్టి తొండను కొంటావా? ఊసరవెల్లులు మీ ఆఫీసులో శానా ఉండాయి కదరా!" అని అన్న గట్టిగా అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కన కుంకుమ అమ్ముకునేవాడు కూడా నవ్వాడు. వాడికీ నాకూ ఏం సంబంధం? కొన్నాను.

"దీనికి ఏం పెట్టల్ల?" అని ముసలాయనను అడిగాను.

"ఏమీ వద్దు సామీ. గాలి తిని బతుకుతాది."

కర్నూలుకు తిరిగి వచ్చే బస్సులో కండక్టరు నన్ను వెనక సీటుకు పంపాడు. అందరితో సమానంగా టిక్కెట్టు తీసుకున్నవాణ్ణి నేను. ఆ మాట అంటే, "జంతువుకు తీసుకోలేదు కదప్పా" అన్నాడు. ఈసారి బస్సంతా నవ్వింది.

కర్నూలు రాజధానిగా ఉన్న కాలమది. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు ఎక్కడ చోటు దొరికితే అక్కడ. నేను అన్నావదినల ఇంట్లో, వాకిటి పక్క గదిలో ఉండేవాణ్ణి. వెనక బండలు పరిచిన చిన్న పెరడు, మధ్యలో ఒక్క దానిమ్మ చెట్టు. ఊసరవెల్లిని దాని మీద వదిలాను. కట్టేయవలసిన పని లేకపోయింది. కింద బండలు కాలిపోతూంటే అది ఎక్కడికి దిగుతుంది?

గాలి తిని బతుకుతుందన్నది అబద్ధమని ఆ సాయంత్రమే తేలింది. పుల్లకు మిడతను గుచ్చి చూపిస్తే, దాని ఒళ్ళంత పొడుగు నాలుక బయటికి వచ్చి, మిడతను లాక్కుని లోపలికి పోయింది. కానీ నీళ్ళు తాగదు. గిన్నెలో పోసి కొమ్మకు ఆనించి పెట్టాను. మూతి ముంచబోతే మొహం తిప్పుకుంది. కొన్నాళ్ళకు కళ్ళు లోపలికి పోయాయి, చర్మం ముడతలు పడి బూడిద రంగు తిరిగింది.

"దాని మొగం చూసి లేస్తాండాం దినమూ. ఇల్లు ఏమైపోతాదో" అనేది వదిన.

"నాలుగు దినాల్లో అదే పోతాదిలే" అనేవాడు అన్న, అన్నం కలుపుకుంటూ.

అది పోకూడదు. పోతే మహానందిలో నవ్వినవాళ్ళ మాటే నెగ్గినట్టు. అంతకన్నా, పొద్దున నేను పెరట్లోకి వెళ్ళగానే అది ఒక కన్ను తిప్పి నన్ను చూసేది. ఆ ఇంట్లో నేను వచ్చానని తలతిప్పి చూసే ప్రాణి మరొకటి లేదు. గుడారంలో బల్ల ముందు కూర్చుంటే కాలు నిలిచేది కాదు. కాగితం మీద ఒక వరుస రాయడం, లేచి బయటికి వెళ్ళి ఎండ చూసి రావడం. సూపరింటెండెంటు గారు, "ఏమప్పా, కడుపులో బాగలేదా?" అని అందరూ వినేటట్టు అడిగారు. ఆ మాట కూడా నేను మరిచిపోలేదు.

ఒక ఆదివారం వదిన తడి చీర తెచ్చి పెరటి తీగ మీద ఆరేసింది. చీర అంచు నుంచి చుక్కలు దానిమ్మ ఆకుల మీద పడ్డాయి. ఊసరవెల్లి ఒక్కొక్క కాలూ ఆలోచించి వేస్తూ అక్కడికి నడిచి, ఆకు మీది చుక్కను నాకింది. మరో ఆకు, మరో చుక్క. చీర ఆరిపోయేదాకా నేను అక్కడినుంచి లేవలేదు. నిలవ నీళ్ళు నీళ్ళని దానికి తెలియదు. పైనుంచి పడాలి, ఆకు మీద నిలవాలి.

చేత్తో చల్లి చూశాను. కర్నూలు వేసవి గాలికి, నేను చెప్పులు వేసుకునేలోగా ఆకులు ఆరిపోయేవి.

వదిన ఏటా ఎండాకాలంలో శివాలయానికి ఒక ధారాపాత్ర ఇచ్చేది. అడుగున సన్నని చిల్లి చేసి, దానిలో గుడ్డపీలిక దూర్చిన కొత్త కుండ. లింగం మీద దాన్ని వేలాడదీస్తే పగలంతా చుక్కచుక్కగా నీళ్ళు పడతాయి. ఆ యేటి కుండ సోమవారం కోసం వంటింటి మూల సిద్ధంగా ఉంది. అన్న పత్రిక చదువుకుంటున్నాడు.

"అన్నా, ఆ కుండ తీసుకుంటాండా."

"ఊ" అన్నాడు.

అన్నాడు. ఈ సంగతి నేను ఎవరి ముందైనా చెప్తాను. దాన్ని తీసుకెళ్ళి దానిమ్మ పైనున్న బట్టల తీగకు కట్టి నీళ్ళు పోశాను. చుక్క పడింది, ఊసరవెల్లి కదిలింది.

వీధి చివరి బావి నుంచి బిందెతో వచ్చిన వదిన పెరట్లోనే నిలబడిపోయింది.

"అయ్యో, దేవుని కుండ! తొండకు అభిషేకం చేస్తాండావా అప్పా? నీకు బుద్ధి యాడుండాది?"

"అన్నను అడిగే తీసుకున్న్యా వదినా."

"నన్నెప్పుడు అడిగినావురా?" అన్నాడు అన్న, పత్రిక దించకుండానే.

"ఇంక అది గుడికి పనికిరాదు. నేను మోసిన నీళ్ళలో ఒక్క చెంబు కూడా దానికి పోసేది లేదు, చెప్తాండా" అని వదిన బిందె లోపలికి తీసుకుపోయింది. మరో కుండ చేయించి మరుసటి సోమవారం గుడికి ఇచ్చింది. దేవుడికి ఏ లోటూ రాలేదు. నాతో మాట్లాడటం మాత్రం మానేసింది.

అప్పటినుంచి నీళ్ళు నేనే తోడుకొచ్చాను. పొద్దున పోసినవి పదకొండు కాకుండానే అయిపోయేవి. అద్దె సైకిలు మీద ఆ ఎండలో ఇంటికి వచ్చి, పోసి, మళ్ళీ ఆఫీసుకు. మధ్యాహ్నం మళ్ళీ. వీధిలోవాళ్ళు నన్ను చూసి "అభిషేకం పంతులు వస్తాండాడు" అనేవారు. తొక్కుతున్నంతసేపూ కుండ ఖాళీ అయిపోయిందేమో అన్న ఆరాటమే. అది మాత్రం ముడతలు పోయి, ఆకులో ఆకులా పచ్చబడింది.

ఒక మధ్యాహ్నం వచ్చేసరికి కుండ నిండుగా ఉంది. మర్నాడూ అంతే. వదిన పెరటి అరుగు మీద బియ్యం ఏరుతోంది.

"నీళ్ళు ఎవరు పోసినారు వదినా?"

"చెట్టుకు పోసినా. నీ దానికేం కాదు."

"చెట్టుకు పోసేది మొదలుకాడ కదా, కుండలో ఏంటికి?"

"నాకు పాఠాలు చెప్పద్దు, ఆఫీసుకు పో." చేటలోని ఒక పురుగును చిటికెన వేలితో తీసి, కొమ్మ దగ్గరికి వెళ్ళి అందించింది. నాలుక వచ్చి పురుగును తీసుకుపోయింది. ఆవిడ చెయ్యి బెదరలేదు. చాలా రోజులుగా అలవాటైన చెయ్యి అది. అంటే, నేను ఎండలో మాడుతూ సైకిలు తొక్కుతున్నానని తెలిసీ, ఒక్కమాట చెప్పలేదన్నమాట.

ఆ నెలలోనే నన్ను కడపకు బదిలీ చేశారు. పెట్టె సర్దుకున్నాక, ఊసరవెల్లి కోసం ఒక కొమ్మ విరిచి చేతపట్టుకున్నాను.

"యాడికి తీసకపోతావు దాన్ని?" అని వదిన అడ్డం వచ్చింది. "పొద్దంతా బస్సులో, ఈ ఎండకు చుక్క నీళ్ళు లేకుండా? సచ్చిపోతాది."

"నాది వదినా అది."

"నీదే. అయితే సంపుకుంటావా?"

నేను కుండ వైపు చూశాను. బస్సులో దాన్ని ఎక్కడ కట్టను? కడపలో నాకు దొరికిన గదికి పెరడు లేదు, చెట్టు లేదు. కొమ్మను గోడవతల పారేసి, చెప్పకుండానే బయల్దేరాను. నన్ను బస్సు దాకా పంపడానికి ఎవరూ రాలేదు.

దసరా సెలవులకు కర్నూలు వెళ్ళాను. కాళ్ళు కడుక్కోకుండానే పెరట్లోకి నడిచాను. అది కొంచెం లావైంది. పై కొమ్మ మీద ఉంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. ఒక కన్ను నా మీదికి తిరిగింది. పచ్చటి ఒళ్ళంతా మచ్చలు లేచి, చూస్తూండగానే నల్లబడింది. నోరు తెరిచి బుసకొట్టింది.

"మెల్లగ పో అప్పా," అంది వదిన వెనకనుంచి. "కొత్తోళ్ళంటే దానికి బెదురు."