అడవిలో నా మోకాలి చప్పుడు

తెల్లదొరల హయాంలో గిద్దలూరు రేంజిలో ఫారెస్టు గార్డుగా చేరాను. అంతకు ముందు మార్కాపురంలో మా మేనమామ దుకాణంలో కూర్చుని పలకలు ఏరడమే తప్ప ఒళ్లు వంచిన పాపాన పోలేదు. మొదటి వారంలోనే కొండెక్కలేక రాతి మీద కూలబడితే రేంజరుగారు చూశారు.

"ఏందయ్యా, అడవిని నువ్వు కాస్తావా, నిన్ను అడవి కాయాల్నా?" అన్నారు. మూడు నెలల్లో ఒక్క మేకల కేసైనా పట్టకపోతే ఇంటికి పంపిస్తానని కూడా అన్నారు.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే గోచీ బిగించి బస్కీలు మొదలుపెట్టాను. నేర్పినవాళ్లు లేరు. తిరునాళ్లలో పహిల్వాన్లను దూరంనుంచి చూసిన జ్ఞానమే. మొదటిరోజే వంద తీశాను. రెండోరోజు నన్ను మంచం మీంచి మా ఆవిడ దించింది. అయినా మానితే గదా! పది రోజులకు తొడలు గట్టిపడలేదు గాని కుడి మోకాలు మాట నేర్చింది. వంచితే టక్, చాపితే టక్. ఎండు కందికట్టె విరిచినట్టు దూరానికి వినిపించేది.

రిజర్వు అడవిలోకి మేకలను తోలడం నేరం. తోలేవాళ్లను పట్టాలంటే పొదచాటున నక్కి కూర్చోవాలి. నేను కూర్చోబోతే టక్‌మనేది. కాపరులు తలెత్తి చూసి, మేకలను అదిలించుకుని, ఏ తొందరా లేకుండా హద్దురాయి దాటిపోయేవారు. ఒకరిద్దరు పోతూ పోతూ దండం కూడా పెట్టారు.

చప్పుడుకు నొప్పి తోడై కాలీడుస్తుంటే, మేకలు కాచుకునే ఒక ముసలమ్మ నన్ను ఆపింది.

"ఏంది నాయనా, కాలట్ల ఈడుస్తా ఉండావు?"

సిగ్గు విడిచి బస్కీల సంగతి చెప్పాను. పడీపడీ నవ్వింది.

"దినామూ కొండెక్కేటోనికి బస్కీలెందుకు నాయనా? నీకేమన్నా పిచ్చి పట్టినాదా?"

తన గుడిసె ముందు కూర్చోబెట్టి, వావిలాకు ఆముదంలో వెచ్చజేసి మోకాలికి కట్టింది. బస్కీలు మానమంది. తాను చెప్పేదాకా గొంతుక్కూర్చోవద్దంది. పదిరోజులు దారికాసి మరీ కట్టు మార్చింది. మా అమ్మ కూడా నన్నంత ఓపికగా చూడలేదు.

ఇంతలో రేంజరుగారు తనిఖీకి వచ్చారు. ఆయనా నేనూ బలుసుపొద వెనక చేరాం. ఎదురుగా హద్దురాయికి ఇవతల మేస్తున్నవి ఆ ముసలమ్మ మేకలే. నేను కంగారుపడలేదు. నేను కూర్చుంటే చాలు, మోకాలే ఆమెకు కబురు చెబుతుందనుకున్నాను. కూర్చున్నాను. చప్పుడు లేదు. లేచి మళ్లీ కూర్చున్నాను. ఊహూ.

"ఏందయ్యా, బస్కీలు ఇక్కడ గూడానా?" అని రేంజరుగారు గొణిగారు.

ఒక్క దగ్గు దగ్గితే సరిపోయేది. ఆ పని మోకాలు చెయ్యదు, నేనే చెయ్యాలి. చెయ్యలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

మేకలన్నిటినీ బందెలదొడ్డికి తోలించారు. రేంజరుగారు నా భుజం తట్టి, ఇప్పటికి నేను మనిషినయ్యానన్నారు. మేకల వెనకే నడుస్తున్న ముసలమ్మ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అప్పుడే గొంతుక్కూసున్నావే! నొప్పి లేదు గదా నాయనా?" అంది.

"లేదవ్వా" అన్నాను, తల ఎత్తకుండా.