లింబాద్రి రాజీనామా కాగితం

లింబాద్రికి ఇంట్లో ఒక గొంతు, చెరుకు యార్డులో ఒక గొంతు ఉండేవి. ఇంట్లోది ఎంత మెత్తనిదంటే, పక్కింటి రుక్మాబాయి "మీ ఆయన ఇంట్ల ఉన్నడో లేడో తెల్వనే తెల్వది" అనేది సాయవ్వతో. యార్డులోది మాత్రం, గాలి ఇటు మళ్లిన రోజున రెండు వీధుల ఇవతల సాయవ్వ చెవిన పడేది. "అగో, షురు జేసిండు" అని నవ్వుకుని ఆమె తన పని చూసుకునేది.

బోధన్ నుంచి రెంజల్ పోయే బాట పక్కన, చక్కెర ఫ్యాక్టరీ ముందు ఆ యార్డు. లింబాద్రి అక్కడ మున్షి. పని వినడానికి చిన్నదే. ఊళ్ల నుంచి చెరుకు బండ్లు వస్తాయి. ముందొచ్చిన బండికి ముందు నంబరు వేసి వంతు చీటీ ఇవ్వాలి, స్టూలెక్కి ఆ నంబరు ప్రకారం పిలిచి తూకం వేసే కాటా మీదికి పంపాలి. అంతే. కాకపోతే బండ్లు రోజుకు రెండు వందలు. చీటీ పోగొట్టుకున్నవాడొకడు, బావమరిది చీటీ తనదని దబాయించేవాడొకడు, చెమటకు అంకె చెరిగిపోయిందని ఏడ్చేవాడొకడు. రెంజల్ ముత్తన్న ఎద్దయితే ఏకంగా చీటీనే నమిలి మింగింది. ముత్తన్న దాని నోరు తెరిచి పట్టుకుని, "అగో మున్షి సాబ్, నీ నంబరు లోపలున్నది. సదువుకో!" అన్నాడు.

లింబాద్రి పది నిమిషాలు కనబడకపోతే చాలు, బండ్లు ఒకదాని చక్రంలో ఒకటి ఇరుక్కునేవి. అందుకని మధ్యాహ్నం రొట్టె కూడా స్టూలు మీద నిలబడే తినేవాడు. నిద్రలో నంబర్లు పిలిచేవాడు. ఒకసారి సాయవ్వ నిద్రమత్తులోనే "వస్తున్న, వస్తున్న" అని జవాబు చెప్పిందట.

అట్లా తొమ్మిది సీజన్లు గడిచాయి. 1964లో నడుస్తున్న పదోది సక్రమంగా దాటితే ఉద్యోగం పర్మినెంటు చేస్తామన్నారు. సరిగ్గా అప్పుడే, జనవరిలో, సాయవ్వ జ్వరంతో మంచం పట్టింది.

వారమైనా జ్వరం దిగలేదు. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. మూడు వారాలు మంచం దిగొద్దు, రెండు గంటలకోసారి పలచని జావ పట్టాలి, గట్టి పదార్థం నోట్లో పెట్టొద్దు అని చెప్పాడు. నాలుగేళ్ల బిడ్డను రెంజల్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపారు. ఆ ముసలామెకు ఆ పిల్లతోనే సరిపోయింది. రుక్మాబాయి కూరగాయల గంప నెత్తికెత్తుకుని పొద్దున అంగడికి పోతే మళ్లీ సాయంత్రమే రావడం.

లింబాద్రి యార్డు సూపర్‌వైజరు రామస్వామిని సెలవడిగాడు. రామస్వామి మంచివాడే.

"నీ స్టూలు మీద ఎవరిని నిలబెట్టాలె లింబాద్రీ? నేను నిలబడితే నన్ను గా చెరుకుతోటే కొడుతరు."

ఆ మాటలో అబద్ధం లేదు. లింబాద్రి ఇంటికొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"నౌకరి ఇడిసిపెడుత."

"ఇడిసిపెట్టి?" అంది సాయవ్వ కళ్లు తెరవకుండానే.

"నీ తాన కూసుంట."

"కూసుండి?"

"జావ తాపుత."

"మూడు వారాలకు నేను లేస్త. అటెన్క ఎవలకు తాపుతవయా జావ? బోధనోళ్లందరికా?"

ఆ పూటకు ఆ మాట నవ్వులో కొట్టుకుపోయింది. కానీ మర్నాడు మధ్యాహ్నం మనసాగక సైకిలేసుకుని ఇంటికొస్తే, పొద్దున పెట్టిపోయిన జావ మీగడ కట్టి అట్లాగే ఉంది. చెంబు కోసం చేయి చాపినట్టుంది, అది దొర్లి నీళ్లన్నీ నేలపాలయ్యాయి. సాయవ్వ ఎండిన పెదవులతో, "ఏం లేదు, జర జారింది" అంది. తిరిగి యార్డుకు వెళ్లేసరికి అక్కడ రెండు బండ్ల కాడిమాన్లు విరిగి ఉన్నాయి. ఆ సాయంత్రమే లింబాద్రి ముత్యాల్లాంటి అక్షరాలతో రాజీనామా రాసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

గాలికి ఎగరకుండా వంతు చీటీలను కూడా నాలుగు మడతలు పెట్టి అదే జేబులో వేసుకోవడం ఆయనకు అలవాటు.

మర్నాడు పొద్దున బండ్లు ఒక్కసారిగా మీద పడ్డాయి. చేతికి ఏది తగిలితే అది తీసి ఇస్తూ పోయాడు. ముత్తన్న తన చీటీ తీసుకుని, ఈసారి ఎద్దుకు అందకుండా తలకు చుట్టిన రుమాలులో చెక్కుకున్నాడు. కొంతసేపటికి ముందు బండి కదిలితే తన వంతే అనుకుని కాటా దగ్గరికి పోయి ఆ కాగితం ఇచ్చాడు. కాటా గుమాస్తా దేవిదాస్ మడతలు విప్పి, నంబరు కోసం వెతికి, చివరికి బిగ్గరగా చదివాడు.

"'నా భార్య ఆరోగ్యము మిక్కిలి క్షీణించినందున, నేనీ ఉద్యోగమునకు రాజీనామా...' ఇదేం నంబరే ముత్తన్నా?"

బండ్లవాళ్లంతా స్టూలు వైపు తిరిగారు.

ముత్తన్న స్టూలు దగ్గరికొచ్చాడు. "మేము లొల్లి జేస్తున్నమనేనా పోతున్నవ్?"

"కాదే. ఇంట్ల..."

"ఇంట్ల మనిషికి పానం బాగలేదని మాకెందుకు సెప్పవ్? దినాం నా మొకం మీద ఒర్రుతందుకు మాత్రం నోరొస్తది!"

ఈలోగా కాగితం రామస్వామి బల్ల మీదికి చేరింది. ఆయన లింబాద్రిని పిలిచి సొరుగు తెరిచాడు. "రేపు పొద్దుగూకేదాక ఇది గీ సొరుగులనే ఉంటది. పైకి పంపాల్నా వద్దా, నువ్వే వచ్చి చెప్పు. తొమ్మిదేండ్లు, యాదుంచుకో."

ఆ సాయంత్రం ముత్తన్న బత్తాయిలు మూటగట్టుకుని ఇంటికొచ్చి వాకిట్లో కూర్చున్నాడు. అంగడి నుంచి వచ్చిన రుక్మాబాయి గడప మీద కూర్చుని సాయవ్వ కోసం పండ్లు పిండుతోంది.

"నువ్వు ఇంటికి పోయొచ్చేదాక మేమే సూసుకుంటం మున్షి సాబ్," అన్నాడు ముత్తన్న.

"మీరా? పది నిమిషాలల్ల తలకాయలు పలుగుతయి."

"పలుగుతయి," అని ఒప్పుకున్నాడు ముత్తన్న.

లోపలి నుంచి సాయవ్వ గొంతు సన్నగా వినిపించింది. "పిండి గిర్ని కాడ మేమేం జేస్తం? జొన్నల డబ్బలు వరుసకు పెట్టి ఎవలింటికి వాళ్లం పోతం. మా బదులు డబ్బనే నిలబడుతది. చీటీ లేదు, మున్షి లేడు. ఎన్నడన్న కొట్లాడినమా?"

"కొట్లాడినం," అంది రుక్మాబాయి. "గని డబ్బల గురించి కాదు."

"బండికి డబ్బ ఏడికెల్లి తేవాలె సెల్లె?" అన్నాడు ముత్తన్న.

"ఎడ్లను ఇప్పినంక గా ముల్లుగర్ర సేతుల పట్టుకొని ఎందుకు తిరుగుతవన్నా? గదే పెట్టు."

ముత్తన్న తన చేతిలోని ముల్లుగర్ర వైపు చూశాడు. ఎడ్లను అదిలించే ఆ కర్రను పండుకునేటప్పుడు కూడా పక్కన పెట్టుకునే మనిషి ఆయన. దాన్ని కొత్తగా చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

మర్నాడు పొద్దున గేటు నుంచి కాటా దాకా ఉన్న కంచె వెంబడి మొదటి కర్ర ముత్తన్నది నిలిచింది. తర్వాత వచ్చినవాడు దాని పక్కన తనది. లింబాద్రి అపనమ్మకంగా చూస్తూ నిలబడ్డాడు. వెదురువి, టేకువి, ఇత్తడి పొన్ను తొడిగినవి, మువ్వలు కట్టినవి, పసుపు పూసినవి. ఎవరి కర్ర ఎవరిదో యార్డులో ప్రతి ఒక్కడికీ తెలుసు. వంతు వచ్చినవాడు తన కర్ర తీసుకుని ఎడ్లను కడతాడు. కర్ర లేకుండా బండి తోలలేడు, ముందే తీస్తే వంతు పోతుంది. తతిమ్మావాళ్లు నీడకు పోయి చుట్ట కాల్చుకోవచ్చు.

పది గంటలకు లింబాద్రి భయపడుతూనే సైకిలెక్కి ఇంటికెళ్లి, సాయవ్వకు జావ తాపి వచ్చాడు. ఒక్క చక్రం కూడా ఇరుక్కోలేదు. పన్నెండుకు మళ్లీ వెళ్లొచ్చేసరికి నవ్వులు వినిపించాయి. చిన్నయ్య అనేవాడు ఎర్ర కుచ్చు కట్టిన తన కర్రను గుట్టుగా ఐదు కర్రలు ముందుకు జరిపాడట.

"సిన్నయ్యా, నీ కర్రకు కాళ్లొచ్చినయిరా?"

"దానికి ఆకలైతున్నదేమో!"

చిన్నయ్య చెవులు ఎర్రబడగా, కర్ర పీకి వెనక్కి తెచ్చుకున్నాడు. లింబాద్రి అరవవలసిన పని పడలేదు.

నాలుగు దాటాక రామస్వామి కిటికీలోంచి చూసి పిలిచాడు. "మరి? పంపాల్నా?"

"వద్దు సార్. ఉంట. గని రెండు గంటలకోసారి ఇంటికి పోత. గది ఒప్పుకుంటెనే."

"ఒప్పుకోకుంటె?"

"అప్పుడు పంపుండ్రి."

మాట గట్టిగానే వచ్చింది. తొమ్మిదేళ్లలో పై అధికారితో లింబాద్రి షరతు పెట్టడం అదే మొదలు. రామస్వామి బయట కదులుతున్న బండ్లను చూశాడు, గోడ గడియారం చూశాడు, సొరుగులోంచి కాగితం తీసి చేతిలో పెట్టాడు.

"పొద్దున పదింటికి పోయినవ్, పన్నెండుకు పోయినవ్, రెండింటికి పోయినవ్. నేనేమన్న అన్ననా? పో, నాలుగు దాటింది."

ఇంటికొచ్చేసరికి సాయవ్వ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, తనంతట తానే. మొహంలో కొద్దిగా రంగు తిరిగింది.

"యార్డు సప్పుడు ఇనొస్తలేదు. తీసేసిండ్రా నిన్ను?"

"లేదు. నేనే ఉంటనన్న."

"మరి లొల్లి?"

"ఉన్నది. గని నాతోని కాదు."

సాయవ్వ జావ గిన్నె అందుకుని లోపలికి చూసి మొహం చిట్లించింది.

"ఒక్క ఇత్తంత మామిడికాయ తొక్కు."

"డాక్టరు సంపుతడు."

"నాలిక్కు అంటుకునేంత."

"వద్దన్ననా!"

ఆ కేక గోడ దాటింది. అవతల గంప దించుతున్న రుక్మాబాయి, "అరే దేవా, యార్డు ఇంటికచ్చింది!" అంది.