వెనక తలుపు మేడమ్

మా హైస్కూల్లో ప్రతి తరగతి గదికీ రెండు తలుపులు. ముందు తలుపు పిల్లలకూ మాకూ. వెనక తలుపు మా హెడ్మిస్ట్రెస్‌ది. అలాగని ఎక్కడా రాసి లేదు, ఆవిడ పద్ధతి అది.

పాఠం మధ్యలో చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి చివరి బెంచీ మీద కూర్చునేవారు. పిల్లలు తల తిప్పకూడదు. చెప్పేవాళ్లు నమస్కారం పెట్టకూడదు. అసలు ఆవిడ అక్కడ లేనట్టే పాఠం సాగిపోవాలి. గంట కొట్టకముందే లేచి వెళ్లిపోయేవారు. ఎవరి క్లాసులో కూర్చున్నారో, ఏమన్నారో స్టాఫ్ రూములో మాట్లాడుకోవడం కూడా నిషేధమే. "మీ తప్పు మీకూ నాకూ మధ్యే ఉండాలి మాస్టారూ, నలుగురి నోళ్లలో నానకూడదు" అనేవారు. పిల్లలు ఆవిడకు వెనక తలుపు మేడమ్ అని పేరు పెట్టుకున్నారు. దొడ్డిదారిన వచ్చి పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను గానీ, పెద్ద కుర్చీలో ఉండి దొడ్డిదారిన వచ్చే మనిషిని ఈవిడనే చూశాను.

మొదట్లో ఆవిడంటే నాకు ఒళ్లు మంట. ఫిజిక్స్ నాకు కొట్టినపిండి, నన్ను చూడటానికి ఈవిడెవరు అనుకునేవాణ్ని. ఒకరోజు వరండాలో ఆపి, "కటకాల పాఠం బాగా చెప్పారు. కానీ ముందు బెంచీకే చెప్పారు. వెనక కూర్చుంటే మీ గొంతు సగమే వినిపిస్తుంది" అన్నారు. ఇంటికెళ్లి కుతకుతలాడిపోయాను. మర్నాటి నుంచి గొంతు పెంచాను. అలా మమ్మల్ని ఒక్కొక్కరినే దారిలో పెట్టుకుంటూ వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. గడియారాలు బాగుచేసే తమ్ముడి ఇంట్లో ఉండేవారు. రిటైరైన రోజున మాట్లాడమంటే, "వెనక కూర్చోవడమే వచ్చు నాకు" అని నవ్వి ఊరుకున్నారు. ఆ కుర్చీ కాస్తా నా నెత్తిన పడింది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం తొమ్మిదో తరగతిలో బోర్డు మీద బొమ్మ గీసి వెనక్కి తిరిగాను. ఆ గుడ్డి వెలుతుర్లో, చివరి బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉన్నారు. అదే బూడిదరంగు చీర, ఒళ్లో చేతులు. చూపు నా మీద కాదు, నాలోంచి దూసుకెళ్లి గోడ మీద ఆగినట్టుంది. చేతిలో చాక్‌పీసు విరిగింది. అలవాటు కొద్దీ పాఠం మాత్రం ఆపలేదు. బోర్డు వైపు తిరిగి మళ్లీ చూసేసరికి బెంచీ ఖాళీ. దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

ఆవిడే వచ్చి ఉండొచ్చుగా అంటారు. వచ్చే మనిషి ముందు గేటు నుంచి వచ్చి, ఆఫీసులో కూర్చుని, కాఫీ తాగి వెళ్తారు గానీ ఇలా మాయమవుతారా? పైగా ఆవిడకు ఒంట్లో బాగాలేదనీ, మనిషి చివరి దశకొచ్చారనీ ఎవరో అన్న మాట చెవిన పడి ఉంది. ఎవరికి చెప్పుకోను? కుర్చీ ఎక్కి పట్టుమని ఆరు నెలలు కాలేదు, కొత్త హెడ్మాస్టరుకు మతి చలించిందని టాం టాం చేస్తారు. ఉద్యోగానికే ఎసరు. అందుకని నోరు మూసుకున్నాను.

కళ్లు మాత్రం మూసుకోలేదు. లెక్కల టీచరమ్మ పాఠం మధ్యలో తడబడుతోంది. డ్రాయింగ్ మాస్టారు క్లాసుకు వీపు పెట్టి బోర్డుతోనే మాట్లాడుతున్నాడు. ఏమైందని అడిగితే, "ఏం లేదు సార్, నిద్ర చాలట్లేదు" అని ఇద్దరిదీ ఒకటే మాట. పిల్లలేమో మరీ బుద్ధిమంతులైపోయారు. అన్నిటికన్నా నాకు అదే ఎక్కువ భయమేసింది.

ఇక లాభం లేదని వడ్రంగిని పిలిపించి వెనక తలుపులన్నిటికీ లోపల గడియలు వేయించాను. మర్నాడు పాఠం చెబుతుండగా వెనక తలుపు మీద గోటితో తట్టినంత చప్పుడు. చివరి బెంచీ అమ్మాయి కళ్లు బోర్డు మీదే ఉన్నాయి. తల తిప్పలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి, తడుముకుని, గడియ తీసింది. తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి పక్కకు జరిగి చోటిచ్చింది. పిల్లలకు ఏదో రాసుకోమని చెప్పి బయటపడ్డాను.

ఆఫీసు గదిలో ఆవిడ తమ్ముడు కూర్చుని ఉన్నాడు. చావు కబురు తెచ్చాడనే అనుకున్నాను.

"మీకు థాంక్స్ చెప్దామని వచ్చాను సార్" అన్నాడు. "అక్కకు మతిమరుపు వచ్చింది. రిటైరైన సంగతి ఒకపూట గుర్తుంటుంది, ఒకపూట ఉండదు. బడికొస్తే మనసు కుదురుగా ఉంటుందని పొద్దున్నే వెనక గేటు దగ్గర నేనే దింపి, మధ్యాహ్నం తీసుకెళ్తున్నాను. మీరంతా బాగానే చూసుకుంటున్నారుగా?"

కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకడుగుతున్నానంటే, కొన్నాళ్లుగా అన్నం ముట్టట్లేదు. బతిమాలినా అంతే, కోప్పడినా అంతే. ఇలాగైతే మనిషి దక్కదంటున్నాడు డాక్టరు. ఇక్కడెవరైనా ఏమైనా అన్నారా సార్?"

ఎవరూ ఏమీ అనలేదు. అదే మేము చేసిన ఘనకార్యం. బడి బడంతా ఆవిడను చూసి, ఆవిడ నేర్పినట్టే చూడనట్టు ఊరుకుంది.

పరుగులాంటి నడకతో క్లాసుకు వెళ్లాను. ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారు. తిన్నగా చివరి బెంచీ దగ్గరికెళ్లి, కళ్లలోకి చూసి, "నమస్కారం మేడమ్" అన్నాను.

ఉలిక్కిపడ్డారు. నా మొహం వంక చాలాసేపు చూశారు.

"మీకు కనిపిస్తున్నానా మాస్టారూ?"

"కనిపిస్తున్నారు మేడమ్."

"అయితే మీరు కూడా చనిపోయారా?"

కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను.

"రోజూ వస్తున్నాను" అన్నారు, రహస్యం చెబుతున్నట్టు. "ఒక్కరూ నా వంక చూడరు. ఇంట్లో మా తమ్ముడొక్కడే మాట్లాడతాడు. పాపం, వాడికింకా నమ్మకం కుదిరినట్టు లేదు, కంచంలో అన్నం పెడుతూనే ఉన్నాడు. పోయినదానికి అన్నం దండగ కదా."

నాకు ఏడుపు ఆగలేదు. "పిల్లలూ, వెనక్కి తిరగండి" అన్నాను. ఒక్క తలా కదల్లేదు. గట్టిగా అరిచాను. మెడలు ఇంకాస్త బిగుసుకున్నాయి, అంతే.

ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాను. "మీరు చెప్పండి మేడమ్. మీరు చెబితేనే వింటారు."

ఆవిడ పెదవులు తడుపుకున్నారు. "ఇటు చూడండమ్మా" అన్నారు.

గది గదంతా వెనక్కి తిరిగింది. కొందరు అప్పటికే ఏడుస్తున్నారు. చివరి బెంచీ అమ్మాయి తన టిఫిన్ డబ్బా మూత తీసి ఆవిడ ముందుకు జరిపింది. ఆవిడ అనుమానంగా నా వంక చూశారు.

"తినండి మేడమ్" అన్నాను.

ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆవిడ నమిలి మింగేదాకా పిల్లలంతా రెప్ప వేయకుండా చూస్తూ ఉండిపోయారు.