అడిగేవాడు లేనిచోట

నన్ను ఆర్మీ పోస్టులో దింపినప్పుడు హెలికాప్టర్ రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. అక్కడ ఇంజను ఆపరు. ఆపితే ఆ చలికి మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదో దేవుడికే తెలియాలి. నడుం వంచి దూకాను. వెనకనుంచి నా కిట్ బ్యాగు వచ్చి మంచులో పడింది. అక్టోబర్ నెల, ఉదయం ఎనిమిది, మైనస్ పధ్నాలుగు. ఉత్తర సరిహద్దులో ఒక మంచు గట్టు. దానిమీద రెండు ఫైబర్ గుడిసెలు, మూడు బంకర్లు, చదును చేసిన కాస్త జాగా. చెట్టు లేదు, పిట్ట లేదు. మద్రాసులో పుట్టినవాడికి చలి అంటే డిసెంబర్‌లో తెల్లవారుజామున ఫ్యాను ఆపడమే. తక్కినదంతా నాకు అక్కడే తెలిసింది.

మాది కోడంబాక్కం. నాన్న సినిమా స్టూడియోల్లో లైట్‌మ్యాన్‌గా చేసేవాడు. తాతల కాలంలో నెల్లూరు వైపునుంచి వచ్చినవాళ్లం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, ఆదివారం తెలుగు ఆరాధన. నా భార్య కరుణ నాకు మేనత్త కూతురు. నేను బండెక్కేనాటికి ఆమెకు ఏడో నెల. క్రిస్మస్‌కు ముందే సెలవు ఇస్తామని పైవాళ్లు చెప్పారు. ఆ మాట పట్టుకునే బయల్దేరాను.

పోస్టులో వారానికొకసారి శాటిలైట్ ఫోన్ దొరికేది. తలా ఐదు నిమిషాలు. మాట అటు చేరడానికి కాస్త ఆలస్యమవుతుంది. ఈలోపు రెండోవాళ్లు కూడా మొదలుపెడితే ఎవరి మాటా వినపడదు. అందుకని, చెప్పడం అయిపోగానే ‘ఓవర్’ అనమని కరుణకు నేర్పాను.

“తిన్నావా బావా? ఓవర్.”

“తిన్నా. నువ్వు? ఓవర్.”

“నీ బిడ్డ తిననిస్తేగదా! ఒకటే తన్నుడు. ఓవర్.”

“నువ్వు బాగుండావా? ఓవర్.”

“నాకేమి, బాగుండాను. ఓవర్.”

మూడు జతల మేజోళ్లు, దూది కోటు, మంచు బూట్లు వేసుకుని కాపలా నిలబడి, ఆ ఐదు నిమిషాలనే వారమంతా నెమరేసుకునేవాణ్ణి. ఆమె జడలో కనకాంబరాల కోసం, మా ఇంటి ముందు లోకల్ రైలు కూత కోసం ప్రాణం కొట్టుకుపోయేది.

డిసెంబర్‌లో మంచు విపరీతంగా పడింది. మా బదులు రావలసినవాళ్లు కింది క్యాంపులోనే ఇరుక్కుపోయారు. సెలవులన్నీ ఆగిపోయాయని రేడియోలో చెప్పారు. సామాను దించే హెలికాప్టర్ తిరిగి వెళ్లేటప్పుడు జబ్బుపడినవాడు ఉంటే తీసుకెళుతుంది. అంతే.

మా నర్సింగ్ అసిస్టెంట్‌ని అందరం డాక్టరనే పిలిచేవాళ్లం. వేలూరువాడు, ఇంట్లో తెలుగే. నాకంటే పెద్ద. కిరోసిన్ పొయ్యి దగ్గర నా పక్కన కూర్చున్నాడు.

“ఎందుకురా మొగం అట్ట పెట్టుకోని ఉండావు? రేపు హెలికాప్టర్ వస్తుండాది. తలకాయ నొప్పి, రెండుసార్లు వాంతి అయింది అని చెప్పు. చాలు. నేను పంపిస్తా.”

“అబద్ధం కదన్నా.”

“తలకాయ నొప్పికి ఈడ మిషన్ ఉండాదా? ఎవుడు చూసేది? సుమ్మా, ఊరికే చెప్పు పా. నాకూ బిడ్డలుండారు, నాకు తెలీదా?”

ఆయన చెప్పింది నిజమే. అంత ఎత్తులో తలనొప్పి, వాంతి అంటే మెదడులో నీరు చేరుతోందేమోనని అందరికీ భయం. మారు ప్రశ్న లేకుండా కిందికి పంపిస్తారు. నేను వెళితే నా కాపలా మిగతావాళ్ల మీద పడుతుంది. ఇద్దరికి అప్పటికే చలికి కాలివేళ్లు నల్లబడ్డాయి.

ఆ మధ్యాహ్నం బంకర్‌లో నిలబడి ప్రార్థన చేశాను. నిజం చెప్పాలంటే అది ప్రార్థన కాదు, బేరం. ‘ఇంటికి పంపమని అడిగాను కదా ప్రభువా, ఈ దారి నువ్వే చూపించావేమో’ అన్నాను. కావాలనుకున్నది ఎదురుగా కనిపిస్తే అది దేవుడి జవాబులాగే ఉంటుంది. తలనొప్పివాడు ఎలా నడుస్తాడో రెండడుగులు నడిచి కూడా చూసుకున్నాను.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. చర్చిలో చెప్పే పరలోక ప్రార్థనలో ‘మమ్మును శోధనలోకి తేక’ అని వస్తుంది, తప్పు చేయాలనే ఆశలో పడనీయకు అని. మా ఊళ్లో తమిళంలో సోదన అంటే తనిఖీ కూడా. చిన్నప్పుడు నేను అది రైల్లో టికెట్ తనిఖీ అనుకునేవాణ్ణి. టీటీఆర్ కంట పడకుండా కాపాడమని చర్చి మొత్తం దేవుణ్ణి అడుగుతోందనుకుని, ఆ మాట దగ్గర గట్టిగా అరిచేవాణ్ణి. సంగతి తెలిసి అమ్మ పడీపడీ నవ్వింది.

“టీటీఆర్ వచ్చి అడిగేది కాదురా శోధన. అడిగేవాడు ఎవుడూ లేనప్పుడు వచ్చేది శోధన.”

మర్నాడు తొమ్మిదింటికి హెలికాప్టర్ దిగింది. కిరోసిన్ డబ్బాలు దించేశాం. డాక్టర్ నా భుజమ్మీద కంబళి కప్పి, పోస్ట్ కమాండర్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాడు. సాబ్ తన చేతి గ్లవ్ తీసి నా నుదుటిమీద చెయ్యి పెట్టాడు. ఆ చలిలో చెయ్యి బయట పెట్టడమంటే మాటలు కాదు.

“సర్ మే దర్ద్ హై, బేటా?” తల నొప్పిగా ఉందా అని అడిగాడు.

ఆయన ముఖంలో అనుమానం లేదు. నేను ఏది చెబితే అది నమ్మేటట్టున్నాడు. కాస్త అనుమానించి ఉంటే అబద్ధం తేలికగా వచ్చేదేమో.

“నహీ సాబ్. ఠీక్ హూఁ,” బాగానే ఉన్నానని చెప్పాను.

ఇంకెవరైనా ఉన్నారా అని పైలట్ చేత్తో సైగ చేశాడు. సాబ్ లేరన్నట్టు చెయ్యి ఊపాడు. హెలికాప్టర్ ఖాళీ సీటుతోనే లేచిపోయింది. నా బదులు నిజంగా జబ్బుపడినవాడు ఎవడైనా ఎక్కి ఉంటే మనసుకు సర్దిచెప్పుకునేవాణ్ణి. ఎవడూ ఎక్కలేదు. ఆ రోజంతా దేవుడితో మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది.

ఆ వారం ఫోన్‌లో కరుణకు దాచకుండా చెప్పాను.

“తలకాయ నొప్పి అని ఒక్క మాట చెప్పలేకపోయినావా? ఓవర్.”

“చెప్పలేకపోయినా. ఓవర్.”

ఏడుపు వినపడింది. “బాగుండానని చెప్తా వచ్చినా కదా, అది అబద్ధం బావా. కాళ్లు వాచిపోయి, భయమైతుండాది. నీకు అబద్ధం చేతగాదు. నాకు చేతనవుతుంది. ఓవర్.”

నా ఐదు నిమిషాలు అయిపోయాయి.

క్రిస్మస్ వెళ్లిన మూడో రోజు సిగ్నల్ ఆపరేటర్ బంకర్‌లోంచి అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. వంటవాడు డబ్బాపాలతో రవ్వ కేసరి చేశాడు. అందరూ నా వీపు తట్టారు. తింటూ ఏడ్చాను.

మార్చి చివర్లో నాకు దిగే వంతు వచ్చింది. కోడంబాక్కం స్టేషన్‌లో కరుణ పాపను ఎత్తుకుని నిలబడి ఉంది. చేతులు చాచాను. పాప నా మీసాలు చూసి గుక్కపట్టి ఏడ్చి, తల్లి మెడలో ముఖం దాచుకుంది. నేను ఇంకో అడుగు వేయబోయాను.

“ఆడే నిలబడు బావా. నీ వాసన పట్టనీ దానికి. ఓవర్.”

ఎదురుగా నిలబడి కూడా ఓవర్ అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె కళ్లు తుడుచుకుంది.

పాప ఇప్పుడు మూడో తరగతి. దానికి పరలోక ప్రార్థన నేనే నేర్పాను. శోధన దగ్గర అది కూడా నాలాగే గట్టిగా అరుస్తుంది. అప్పుడల్లా నాకు ఆ హెలికాప్టర్ కనిపిస్తుంది. గట్టు దాటి కిందికి దిగిపోతోంది. అద్దంలోంచి వెనక సీటు, దానిమీద ఎవరూ బిగించుకోని బెల్టు ఊగుతూ. అందులో ఎక్కి ఉంటే, నా బిడ్డను పుట్టిన రోజునే ఎత్తుకునేవాణ్ణి.